ఏం జరిగితే మీ మాట మార్చుకుంటారు, డాక్టర్ గారూ?

(నెల్లూరులో ఉపాధ్యాయులు, వాళ్ళ కుటుంబాల కోసం ఏర్పాటైన ఆరోగ్య సదస్సులో కావలికి చెందిన ఒక లెక్కల ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నేను డాక్టర్ని కాదు. కావలిలో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నా తలలో వెనకవైపు, ఎడమ పక్కన ఒక రక్తనాళం ఉబ్బి ఉంది. దాన్ని ఎన్యూరిజం అంటారు. ఇప్పుడు మీ ముందు నిలబడి మైకులో మాట్లాడుతున్నప్పుడు కూడా అది అక్కడే ఉంది. ఆపరేషన్ చేయించుకోలేదు. చేయించుకోనని ఒట్టూ పెట్టుకోలేదు. ఇద్దరు డాక్టర్లు, ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్ళే, అవే ఫిల్ములు చూసి ఒకరు చేయించుకోమన్నారు, ఇంకొకరు ఇప్పుడే వద్దన్నారు. అట్లాంటప్పుడు మనిషి ఏం చేయాలి? నాకు తెలిసిందల్లా ఈ ఒక్క ప్రశ్న గురించే. అదే చెబుతాను.

మూడేళ్ళ కిందట ఎండాకాలంలో నాకు కళ్ళు తిరగడం మొదలైంది. మంచం మీద పక్కకు ఒత్తిగిలితే గది గిర్రున తిరిగేది. ఎండదెబ్బ అన్నారు, గ్యాస్ అన్నారు. చివరికి చెవి లోపలి సమస్య అని తేలింది. డాక్టరు గారు తలను అటూ ఇటూ తిప్పించి చేసిన చిన్న వైద్యంతోనే అది తగ్గింది. కానీ ఈలోపు ఎందుకైనా మంచిదని నెల్లూరులో ఎమ్మారై తీశారు. తీయించింది ఒకదానికి, బయటపడింది ఇంకొకటి. మీలో చాలామందికి ఇట్లాగే తెలుస్తుంది. పగలని ఎన్యూరిజం సాధారణంగా నొప్పి పెట్టదు, లక్షణం చూపించదు. వేరే దేనికో తీసిన స్కాన్లో కనిపిస్తుంది.

రిపోర్టు కవరుకు కొట్టిన పిన్ను ఊడదీసి, స్కాన్ సెంటర్ మెట్ల మీద నిలబడే మా ఆయన చదివారు. ఎడమ వెర్టిబ్రల్ ఆర్టరీ, ఫ్యూజిఫాం ఎన్యూరిజం, 8 మిల్లీమీటర్లు. ఆ మూడు ముక్కలూ ఫోన్లో కొట్టి చూశారు. కాసేపటికే ఆయన ముఖంలో రంగు పోయింది. ఫోన్ జేబులో పెట్టుకున్నారు, నాకు చూపించలేదు. కావలి బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఊరొచ్చేదాకా ఒక్క మాట లేదు.

ఫోన్లో ఆయనకు కనిపించింది పగిలినవాళ్ళ సంగతి. మెదడులో ఎన్యూరిజం పగిలితే నిజంగానే ప్రమాదం, అందులో తగ్గించి చెప్పడానికేమీ లేదు. చాలామంది ప్రాణం పోతుంది, బతికినవాళ్ళలోనూ కొందరికి కాలో చెయ్యో మాటో దెబ్బతింటుంది. కానీ పగలకుండా ఉండిపోయినవాళ్ళ సంగతి ఎవరు రాస్తారు? వాళ్ళలో ఎక్కువమందికి అది తమకు ఉన్నట్టే తెలియదు. ప్రపంచంలో అనేక చోట్ల చేసిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, వందమంది పెద్దవాళ్ళలో దాదాపు ముగ్గురికి మెదడులో ఇట్లాంటి ఉబ్బు ఉంటుందని లెక్క తేలింది. ఈ హాలు నిండా జనం ఉన్నారు. నాతో పాటు ఇంకెవరో ఉండే ఉంటారు. వాళ్ళలో చాలామంది దానితోనే బతికి, పెద్ద వయసులో వేరే కారణంతో పోతారు.

ఆ వారం మా ఇంటికి వచ్చినవాళ్ళలో ఒకరి తర్వాత ఒకరు ఒకే మాట అన్నారు. "తలలో బాంబు పెట్టుకుని తిరుగుతున్నావు గదమ్మా" అని. ప్రేమతోనే అన్నారు. కానీ దయచేసి ఈ మాట ఎవరితోనూ అనకండి. బాంబు పేలడానికే తయారుచేసింది. రోగి చెవిలో ఈ మాట ఒకసారి పడిందంటే ఇక రాత్రి పడుకున్నప్పుడల్లా టిక్ టిక్ వినిపిస్తుంది. నాకు వినిపించింది. భయంతో బీపీ పెరుగుతుంది, నిద్ర పోతుంది, ఆ భయంలోనే మనిషి తొందరపడి ఏదో ఒకదానికి సరేనంటాడు.

ఇప్పుడు నాకున్నది ఎందుకు అరుదైనదో చెప్పాలి, లేకపోతే డాక్టర్లు ఎందుకు విడిపోయారో అర్థం కాదు. మెదడులో మామూలుగా కనిపించే ఎన్యూరిజం సంచిలాగా ఉంటుంది. రక్తనాళం రెండుగా చీలే చోట గోడ బలహీనపడి, పక్కకు చిన్న తిత్తి పెరుగుతుంది. దానికి మెడ ఉంటుంది. ఆ మెడ దగ్గర పట్టుకుని మూసేయొచ్చు. 1937లో వాల్టర్ డాండీ అనే అమెరికా సర్జన్ తొలిసారి పుర్రె తెరిచి ఆ మెడకు క్లిప్పు పెట్టారు. 1990లో గుల్యెల్మీ అనే ఇటలీ డాక్టరు పుర్రె తెరవకుండా, తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి, తిత్తి లోపల ప్లాటినం తీగచుట్టలు నింపే పద్ధతి మొదలుపెట్టారు. దాన్ని కాయిలింగ్ అంటున్నారు. ఈ రెండు పద్ధతులకూ ఇప్పుడు బోలెడంత అనుభవం ఉంది.

నాది అట్లా లేదు. పెన్నా కాలవల మీద బతికేవాళ్ళం కాబట్టి మనకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. కాలవ గట్టు ఒకచోట గండి పడేట్టు పక్కకు ఉబ్బితే అది మామూలు ఎన్యూరిజం. అట్లా కాకుండా కొంత పొడవున రెండు గట్లూ మెత్తబడి, కాలవే వెడల్పయిపోతే? అది ఫ్యూజిఫాం. నాది అదే.

చెన్నైలో నేను చూపించుకున్న డాక్టరు గారు ఇది చెప్పడానికి మందుల చీటీ వెనక పెన్సిల్‌తో బొమ్మ గీశారు. రెండు గీతలు కింది నుంచి పైకి వచ్చి ఒకటిగా కలుస్తాయి. అవి మెడ ఎముకల్లోంచి పైకి వెళ్ళే రెండు వెర్టిబ్రల్ రక్తనాళాలు. కలిసిన తర్వాత దాని పేరు బేసిలర్. మింగడం, ఊపిరి, తూలకుండా నిలబడడం, ఇవన్నీ నడిపించే మెదడు భాగానికి రక్తం అక్కడి నుంచే పోవాలి. ఎడమ గీతను ఒకచోట లావు చేశారు. ఆ లావులోంచి ఒక చిన్న కొమ్మ పక్కకు గీశారు. అది చిన్నమెదడుకు పోయే కొమ్మ. పెన్సిల్ మొనతో ఆ లావు మీద తట్టి, "ఇక్కడ పట్టుకోవడానికి మెడ లేదమ్మా. ఉన్న కష్టమంతా ఇదే" అన్నారు. ఆ చీటీ నా దగ్గర భద్రంగా ఉంది. ఎన్ని ఫిల్ములు చూసినా నాకు రోగం అర్థమైంది ఆ బొమ్మతోనే. మీ డాక్టరును బొమ్మ గీయమని అడగండి, మొహమాటపడొద్దు.

మెడ లేని వాటికి ఇప్పుడు ఎక్కువగా వాడేది ఫ్లో డైవర్టర్. సన్నటి లోహపు దారాలతో అల్లిన జల్లెడ గొట్టం. రక్తనాళం లోపల పెడితే రక్తం నేరుగా సాగిపోతుంది, ఉబ్బులోకి పోయే రక్తం జోరు తగ్గి, నెలల మీద గోడ మెల్లగా కొత్తగా కట్టుకుంటుంది. అమెరికాలో 2011లో దీనికి అనుమతి వచ్చింది. కానీ అప్పుడు అనుమతిచ్చింది ముందువైపు మెడ నుంచి వచ్చే కెరోటిడ్ రక్తనాళంలోని పెద్ద ఎన్యూరిజాలకు. వెనకవైపు వెర్టిబ్రల్‌లో వాడడం తర్వాత డాక్టర్లు అనుభవం మీద విస్తరించింది. ఇది పెట్టాక ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ అని రక్తం గడ్డకట్టకుండా చేసే రెండు మాత్రలు నెలల తరబడి వాడాలి. వాటిని ఒక్క రోజు సొంతంగా ఆపినా గొట్టంలో గడ్డ ఏర్పడి పక్షవాతం రావచ్చు. వాడుతున్నన్నాళ్ళూ పన్ను పీకించుకోవాలన్నా ముందు అడగాలి.

ఇక ఇద్దరు డాక్టర్ల మాటలు. చెన్నై డాక్టరు గారు చెప్పింది: వెనకవైపు రక్తనాళాల్లో వచ్చేవి ముందువాటికన్నా ఎక్కువగా పగులుతాయి, 8 మిల్లీమీటర్లంటే మరీ చిన్నదేమీ కాదు, మీకు ఇంకా చాలా ఏళ్ళ జీవితం ముందుంది, ఇప్పుడు ఆరోగ్యంగా ఉండగానే ఫ్లో డైవర్టర్ పెడదాం. హైదరాబాద్‌లో ఇంకో డాక్టరు గారు చెప్పింది: దీనికి లక్షణాలు లేవు, గోడ లోపలి పొర చీలిన గుర్తులు లేవు, లోపల గడ్డ లేదు, ఆ చిన్న కొమ్మ సరిగ్గా ఉబ్బులోంచే పుడుతోంది. గొట్టం పెడితే ఆ కొమ్మ మూసుకుపోవచ్చు, అప్పుడు మింగడం కష్టమవుతుంది, నడక తూలుతుంది. ఆరు నెలల తర్వాత మళ్ళీ స్కాన్ తీసి చూద్దాం.

మధ్యలో ఇంకో చోట, పేరు చెప్పను, లోపలికి వెళ్ళీ వెళ్ళకముందే కౌంటర్లో కూర్చున్నాయన "ఈ రోజే అడ్మిట్ అవ్వండి, తర్వాత ఏమన్నా అయితే మా బాధ్యత లేదు" అన్నారు. ఎంత ఖర్చవుతుందో ఒక కాగితం చేతికిచ్చారు. డాక్టరు అప్పటికి ఫిల్ములు చూడనేలేదు. పగిలిన ఎన్యూరిజానికి నిమిషాలు లెక్క. పగలనిదానికి, లక్షణాలు లేనిదానికి, రెండో మాట వినే సమయం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఆ సమయాన్ని మీ దగ్గర్నుంచి లాక్కునేవాళ్ళ దగ్గర సంతకం పెట్టకండి.

సరే, లెక్కల టీచర్ని కదా, అంకెలు చూద్దామనుకున్నాను. జపాన్‌లో పగలని ఎన్యూరిజం ఉన్న 5,720 మందిని వెంటాడి చూసిన అధ్యయనం 2012లో వెలువడింది. సగటున ఏడాదికి 0.95 శాతం పగిలాయి. 3, 4 మిల్లీమీటర్ల చిన్నవాటిలో అయితే ఏడాదికి 0.36 శాతమే. ఏడాదికి 0.95 అనగానే మనసు పదేళ్ళకు 9.5 అని గుణించేస్తుంది. ఒక ఏడాది పగలకుండా ఉండే సంభావ్యత 0.9905. దాన్ని పదిసార్లు గుణిస్తే 0.909 వస్తుంది. అంటే అదే వేగంతో పదేళ్ళు గడిస్తే పగిలే అవకాశం సుమారు 9 శాతం, పగలకుండా ఉండే అవకాశం 91 శాతం. రెండూ ఒకే లెక్క. కానీ "తొమ్మిది శాతం పగులుతుంది" అని విన్నప్పుడు కడుపులో ఒకలా ఉంటుంది, "తొంభై ఒక్క శాతం ఏమీ కాదు" అని విన్నప్పుడు ఇంకోలా ఉంటుంది. డాక్టరు ఏ వైపు నుంచి చెప్పినా రెండో వైపు కూడా మీరే తిప్పి రాసుకోండి.

అయితే ఆ అధ్యయనంలో తీసుకున్నవన్నీ సంచి ఆకారంవే. నాలాంటివి అందులో లేవు. 2014లో ఆరు అధ్యయనాలు కలిపి ఫేజెస్ అని ఒక స్కోరు తయారుచేశారు. ఏ దేశంవాళ్ళు, బీపీ ఉందా, వయసెంత, సైజెంత, ఇంతకుముందు ఇంకో ఎన్యూరిజం పగిలిందా, ఇది ఏ చోట ఉంది, వీటికి మార్కులు వేసి ఐదేళ్ళలో పగిలే అవకాశం చెబుతారు. జపాన్‌వాళ్ళకు, ఫిన్లాండ్‌వాళ్ళకు అందులో ఎక్కువ మార్కులు. మనవాళ్ళకు విడిగా గడి లేదు. నోటుపుస్తకం నిండా రాసుకున్నాను. చివరికి నాకు అర్థమైందేమిటంటే, ఈ ఆకారం, ఈ చోటు, ఈ కొమ్మ, ఈ వయసు, ఇవన్నీ కలిసిన మనిషికి సరిపోయే శాతం ఎక్కడా అచ్చయి లేదు. డాక్టర్లు దాస్తున్నారేమోనని అప్పటిదాకా మా ఆయనకు అనుమానం. దాయడానికి వాళ్ళ దగ్గరా లేదు. అందుకే ఇద్దరు మంచి డాక్టర్లు రెండు మాటలు చెప్పగలిగారు. ఇది తెలిశాక నాకు వాళ్ళిద్దరి మీదా గౌరవం పెరిగింది.

ఇంకో సంగతి కూడా ఆ పుస్తకంలోనే తేలింది. ఈ రెండు దారుల్లో ప్రమాదం రెండు రకాలుగా ఉంటుంది. ప్రొసీజర్ ప్రమాదం చాలావరకు ఆ రోజు, ఆ తర్వాతి వారాలు. ఆగి చూసేదాని ప్రమాదం ఏళ్ళ మీద కొంచెం కొంచెంగా పరుచుకుని ఉంటుంది. అందుకే 35 ఏళ్ళ అమ్మాయికి, 75 ఏళ్ళ తాతకు ఒకే సైజు ఎన్యూరిజం ఉన్నా సలహా ఒకటి కాదు. ముందున్న ఏళ్ళు ఎక్కువైతే ఆగి చూసే ప్రమాదం అంత పోగుపడుతుంది. పెద్ద వయసులో ప్రొసీజర్ ప్రమాదమే ఎక్కువ, దాని ఫలం అనుభవించే ఏళ్ళు తక్కువ. పక్కింటి ఆయనకు ఏం చేశారో అదే మీకూ చేయాలని పట్టుబట్టకండి.

మా అన్నయ్య చెన్నైలో డాక్టరు గారిని అందరూ అడిగే ప్రశ్నే అడిగాడు. "మీ అక్కకే ఇది ఉంటే ఏం చేస్తారు సార్?" ఆ ప్రశ్నలో నమ్మకం ఉంది, కానీ దాంతో పని జరగదు. ఆయన అక్క వయసు వేరు, ఆవిడ బీపీ వేరు, ఆవిడకున్న భయం వేరు. పైగా సొంతవాళ్ళ విషయంలో డాక్టరు కూడా మనలాంటి మనిషే. నేను అడిగిన ప్రశ్న వేరు. "ఏం జరిగితే మీరు మీ మాట మార్చుకుంటారు, డాక్టర్ గారూ?"

ఇవాళ మీరు ఇంటికి ఒక్క వాక్యమే తీసుకెళ్ళాలంటే దీన్ని తీసుకెళ్ళండి. చెన్నై డాక్టరు గారు కాసేపు ఆలోచించి అన్నారు: "ఏడాది స్కాన్లలో ఏమీ పెరగకపోతే, ఆ కొమ్మ విషయంలో నేను కూడా వెనకాడతాను." హైదరాబాద్ డాక్టరు గారు అన్నారు: "ఒక మిల్లీమీటరు పెరిగినా, ఆకారం మారినా, కొత్తగా మెడనొప్పో మింగడంలో ఇబ్బందో వచ్చినా, నేనే పెట్టిద్దాం అంటాను." అర్థమైందా? ఇద్దరూ చూస్తున్నది ఒకే గుర్తు కోసం. మొదట చేయించుకోవాలా వద్దా అన్నట్టు కనిపించిన తగాదా ఎప్పుడు అన్న ప్రశ్నగా మారిపోయింది. ఎప్పుడు అన్న ప్రశ్నకు స్కాన్ జవాబు చెబుతుంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టింది.

మరో రెండు ప్రశ్నలు కూడా అడగండి. "ఇట్లాంటివి మీ చేతుల మీద ఎన్ని జరిగాయి?" అని మర్యాదగా అడిగితే మంచి డాక్టరు ఎవరూ కోప్పడరు. "పుర్రె తెరిచి చేసే సర్జన్, గొట్టంతో చేసే డాక్టరు ఇద్దరూ కలిసి నా ఫిల్ములు చూశారా?" అని కూడా. ఒక్క పద్ధతే ఉన్న చోట ఆ పద్ధతే మీకు చెబుతారు. అది మోసమని నేననడం లేదు, వాళ్ళకు తెలిసిన దారి అది.

డబ్బు సంగతి. ఫ్లో డైవర్టర్ ఖరీదు లక్షల్లో. మన ఉద్యోగుల హెల్త్ కార్డులో గానీ, వైద్య సేవ పథకంలో గానీ ఆ ప్రొసీజర్ వస్తుందా, ఆ పరికరం కూడా ప్యాకేజీలో కలుస్తుందా, అని చేరకముందే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడిగి కాగితం మీద రాయించుకోండి. నోటి మాట మీద చేరొద్దు.

ఇంట్లో నిర్ణయం తీసుకున్న రోజు మా అమ్మ అడిగింది, "ఏందమ్మా అదీ, తలలో పుండా?" అని. పుండు కాదమ్మా అని ఆ పెన్సిల్ బొమ్మ చూపించాను. అన్నయ్య మాత్రం, "తీయించేస్తే పీడ పోతుంది గదమ్మా" అన్నాడు. వాడికి నేనంటే ప్రాణం. మా అమ్మాయి బెంగళూరు నుంచి ఫోన్లో, "అమ్మా, మా గురించి ఆలోచించి ఏదీ ఒప్పుకోవద్దు. ఏ దారిలో నీకు రాత్రి నిద్ర పడుతుందో చెప్పు" అంది. ఆగి చూద్దాం అన్నాను. మా ఆయన క్యాలెండర్లో స్కాన్ తేదీ రాసి, చుట్టూ ఎర్రగా గీశారు. అది వాయిదా పడకూడదని. ఆగి చూడడం అంటే మర్చిపోవడం కాదని ఆయనకు నాకన్నా బాగా తెలుసు.

నా దారే అందరిదీ కావాలని అనుకోకండి. చెన్నైలో వెయిటింగ్ హాల్లో కొండపి వైపు పొగాకు రైతు ఒకాయన పరిచయమయ్యారు. ఆయనకు కంటి వెనక కెరోటిడ్‌లో పెద్దది. ఒక మనిషి ఇద్దరుగా కనిపించడం మొదలైంది. ఆయనకు ఆగే ప్రశ్నే లేదు, ఫ్లో డైవర్టర్ పెట్టించుకున్నారు. తర్వాత ఫోన్లో మాట్లాడితే చూపు సర్దుకుందన్నారు, సిగరెట్ పూర్తిగా మానేశానన్నారు. పొగాకు పండించే జిల్లా మనది, ఆ పంట మీద బతికే ఇళ్ళు వేలల్లో ఉన్నాయి, నాకు తెలుసు. పండించేవాళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఎన్యూరిజం రావడానికీ పగలడానికీ మన చేతిలో ఉన్న కారణాల్లో పొగ, బీపీ రెండే పెద్దవి. సిగరెట్టయినా చుట్టయినా మానాల్సిందే. ఇందులో ఇద్దరు డాక్టర్లకూ రెండు మాటల్లేవు.

బీపీకి నాకు పెట్టిన హద్దు 130/80. ఇంట్లో మిషన్ ఉంది, పొద్దున్నే కాఫీకి ముందు చూసి రాస్తాను. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన నెల్లూరు ఇళ్ళలో ఆవకాయ, ఎండుచేప, అప్పడం ఒక్క పూట భోజనంలో పడితే ఆ 5 గ్రాములు ఎక్కడికి పోతాయో చెప్పక్కర్లేదు. నేను ఎండుచేప మానేశాను. చేపల పులుసు మానలేదు, ఉప్పు తగ్గించాను. ఏకాదశి అయినా రంజాన్ ఉపవాసమైనా బీపీ మాత్ర మాత్రం తప్పకూడదు. వేళలు ఎట్లా మార్చుకోవాలో డాక్టరును ముందే అడగండి.

సెలూన్లో తల మసాజ్ చేసి, చివర్లో మెడ పటుక్కుమని విరిచే అలవాటు ఉంది చూశారా, మగవాళ్ళకు బాగా ఇష్టం. ఆ విరుపులో వెర్టిబ్రల్ రక్తనాళం లోపలి పొర చీలిన కేసులు ఉన్నాయి. మెడ విరవొద్దని ముందే చెప్పండి. ఈ జబ్బు లేనివాళ్ళకు కూడా చెబుతున్నాను.

భార్యాభర్తలు అడగడానికి సిగ్గుపడే ప్రశ్న ఒకటుంది. మామూలు దాంపత్యం సాగించొచ్చా అని. అడగండి. నాలాంటి కేసులో సాగించొచ్చనే చెప్పారు. అడగకుండా భయంతో ఏళ్ళు గడిపేవాళ్ళు ఉన్నారు.

భయం సంగతి దాచను. మొదటి ఏడాది తలనొప్పి వచ్చిన ప్రతిసారీ ఇదే అదేమో అనుకునేదాన్ని. స్కాన్‌కు ముందు వారం పిల్లల పేపర్లు దిద్దుతూ అదే మార్కు మళ్ళీ మళ్ళీ కూడేదాన్ని. టెన్షన్ తట్టుకోలేనప్పుడు 14416కు ఫోన్ చేశాను. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సహాయ నంబరు, తెలుగులో మాట్లాడతారు. పిచ్చివాళ్ళు చేసే ఫోన్ అనుకోకండి. ఆ అమ్మాయి నాతో అరగంట ఓపిగ్గా మాట్లాడింది.

స్వర్ణాల చెరువులో రొట్టెల పండక్కి కూడా వెళ్ళాను. బారాషహీద్ దర్గా దగ్గర నీళ్ళలో నిలబడి ఆరోగ్య రొట్టె పట్టుకున్నాను. ఎవరో ముస్లిం అక్క ఇచ్చింది, ఏ కోరికని అడగలేదు, నా తల మీద చెయ్యి పెట్టింది. కోరిక తీరితే మరుసటి ఏడు రొట్టె వదలాలి గదా. ఉబ్బు పోలేదు. అయినా పెరగలేదు. స్కాన్ రిపోర్టులో "మార్పు లేదు" అని చదివిన ఏడు వెళ్ళి రొట్టె వదిలాను. నాకు అది తీరినట్టే.

ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి, ఎన్యూరిజం ఉందని తెలియనివాళ్ళు కూడా. జీవితంలో ఎన్నడూ రానంత తలనొప్పి, నిమిషంలోపు, నెత్తిన పిడుగు పడ్డట్టు వస్తే, దాంతో వాంతులు, మెడ బిగుసుకుపోవడం, స్పృహ తప్పడం, ఉన్నట్టుండి ఒక కనురెప్ప వాలిపోవడం, వీటిలో ఏదున్నా 108కి ఫోన్ చేయండి. గ్యాస్ అని సోడా తాగించొద్దు. దిష్టి తీసే పని తర్వాత చూద్దాం. డిస్‌ప్రిన్ మాత్ర అసలు వేయొద్దు, అందులో ఆస్పిరిన్ ఉంటుంది, రక్తం కారడం ఎక్కువ చేస్తుంది. సీటీ స్కాన్, న్యూరోసర్జన్ ఉన్న పెద్దాస్పత్రికే తీసుకెళ్ళమని చెప్పండి. మొదటి ఆరు గంటల్లో తీసిన సీటీలో రక్తస్రావం దాదాపుగా దొరికిపోతుంది. ఎన్యూరిజం ఉందని తెలిసినవాళ్ళు ఫిల్ముల సీడీ, మందుల చీటీ ఒకే సంచిలో పెట్టి ఇంట్లో అందరికీ చోటు చెప్పండి. మాది బీరువా పక్కన మేకుకు వేలాడుతుంది.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఎవరికైనా సందేహాలుంటే అడగండి.

(ముందు వరుసలోని ఒక మహిళ: "మేడమ్, మా అమ్మ ఇట్లా మెదడులో రక్తనాళం పగిలే పోయింది. మా పిల్లలకు ఇప్పుడే స్కాన్ తీయించాలా?")

అమ్మ పోయిందన్నారు. ఇంత జనంలో అడగడం తేలిక కాదు, కూర్చోండమ్మా. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, ఈ దగ్గరి రక్తసంబంధంలో ఇద్దరికో అంతకన్నా ఎక్కువమందికో ఎన్యూరిజం ఉంటే మిగతావాళ్ళకు స్కాన్ తీయించమంటారు. ఒక్కరికే ఉంటే అందరికీ తప్పనిసరి అనరు, డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి. పుట్టుకతో రెండు కిడ్నీల నిండా నీటి తిత్తులు పెరిగే జబ్బు కుటుంబంలో ఉంటే అది ఇంకో కారణం, అప్పుడు తప్పక అడగండి. స్కాన్ అంటే ఎమ్మారైలోనే రక్తనాళాలు చూసే ఎమ్మార్ఏ, ఇంజెక్షన్ లేకుండానే తీయొచ్చు. పిల్లలకంటే ముందు మీరు మీ గురించి అడగండి, మీ అమ్మకు మీరే దగ్గర. మీకు బీపీ ఉందా? ఎప్పుడైనా చూపించుకున్నారా? లేదా? మిషన్ బయట టేబుల్ మీద ఉంది, పదండి, ఇప్పుడే చూద్దాం.